నిప్పు దగ్గర పెద్దదిక్కు
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముహర్రం రోజుల్లో జరిగే నిప్పు ఆటల గురించీ, వాటికి తీసుకోవలసిన జాగ్రత్తల గురించీ నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు మమ్మల్ని ఆదేశించారు. అలీఫ్ బే నేర్పే ఉర్దూ పంతులుకు నిప్పుతో ఏం పని అని కొందరు అనుకోవచ్చు. పని ఉన్నది. జులూసులో బనేటీ తిప్పేది మా తరగతిలో కూర్చునే పిల్లలే, కాకపోతే నిన్న మొన్న మా తరగతి దాటి వెళ్ళినవాళ్ళు. కాలితే కాలేది వాళ్ళ చేతులే. ఆ చేతులతోనే వాళ్ళు రేపు మిషను కుట్టాలి, స్పానరు పట్టాలి, పరీక్ష రాయాలి.

మొదటే ఒక మనవి. నిప్పుల మీద నడవడం, మంటలతో కర్ర తిప్పడం ధర్మసమ్మతమా కాదా అన్నది ఉలమాలు చెప్పవలసిన మాట. కూడదనేవారు ఈ సభలోనే ఉన్నారు. తాతల నాటి ఆచారం, విడువలేమనేవారూ ఉన్నారు. ఆ వాదన ఇవాళ మేము ఎత్తబోము. ఎందుకంటే వాదన తెగేలోగా పండుగ వచ్చేస్తుంది, కుర్రవాళ్ళు బనేటీ వెలిగించేస్తారు. ఆ ఆట కూడదనే పెద్దమనిషి కూడా పిల్లవాడి చేయి కాలాలని కోరుకోడు గదా! కాబట్టి ఆ ఒక్క సంగతి మీద మనమందరం ఏకం కావచ్చు.

ఈ ఆటలు ఇవాళ్టివి కావు. చార్మినార్ కట్టిన కొద్ది ఏళ్ళకే మహమ్మద్ కులీ కుతుబ్ షా హైదరాబాదులో బాద్షాహీ ఆషూర్ఖానా కట్టించాడు. దక్కనులో ఆషూర్ఖానా ముందు గుంట తవ్వి నిప్పు వేయడాన్ని 'అలావా' అంటారు. పాతబస్తీలోని బీబీ కా అలావా పేరులోనే ఆ మాట ఉంది. మన ఏలూరుకు చెందిన జాఫర్ షరీఫ్ దక్కనీ ముస్లింల ఆచారాల మీద రాసిన 'కానూనె ఇస్లాం' అనే గ్రంథం 1832లో లండన్‌లో అచ్చయింది. ఆ పుస్తకంలోనూ ఈ అలావా ప్రస్తావన ఉంది. మన పల్లెల్లో దీనినే అలాయి గుంట అనీ, నిప్పుల గుండం అనీ అంటారు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయప్ప ఉత్సవానికి అగ్నిగుండం చూడడానికి హిందువులూ ముస్లింలూ కలిసి వస్తారు. చాలా ఊళ్ళలో పీర్ల చావిడికి కట్టెలు తెచ్చేదీ, గుంట తవ్వేదీ హిందూ సోదరులే. కనుక ఈ జాగ్రత్త ఒక్క మన మహల్లాకు సంబంధించింది కాదు, ఊరందరిదీ.

మా చిన్నతనంలో తాలింఖానాలో ఉస్తాద్ ఒకరు ఉండేవారు. ఏడాది పొడుగునా షాగిర్దులకు కర్రసాము, కత్తిసాము, బనేటీ నేర్పేవారు. జులూసు రాత్రి మాత్రం ఆయన కర్ర ముట్టేవారు కాదు. నీళ్ళలో నానబెట్టిన గోనెసంచి భుజాన వేసుకుని పక్కన నిలబడేవారు. షాగిర్దు అడుగు తడబడిందా, గాలి మళ్ళిందా, జనం ముందుకు తోసుకొచ్చారా, 'బస్' అనేవారు. ఆ ఒక్క మాటతో ఎంతటి మొనగాడైనా ఆట ఆపవలసిందే. ఎందుకు అని అడిగే ప్రసక్తి లేదు.

ఇప్పుడు తాలింఖానాలు చాలా చోట్ల మూతపడ్డాయి. ఆట మిగిలింది, ఉస్తాద్ మిగల్లేదు. ఇవాళ మేము చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే. నిప్పు ఆటలో ప్రమాదం తప్పించేది ఆడేవాడి ధైర్యం కాదు. ఆడకుండా పక్కన నిలబడి, 'బస్' అనే అధికారం ఉన్న మనిషి. ఆయన లేకపోతే ఎన్ని బకెట్ల నీళ్ళు పెట్టినా అవి ఊరికే చూస్తూ ఉంటాయి.

మా దగ్గర చదువుకున్న పిల్లవాడొకడు చదువయ్యాక దర్జీ పనిలో కుదిరాడు. తండ్రి లేడు, ఇంట్లో తల్లీ, ఇద్దరు చెల్లెళ్ళూ. కొన్నేళ్ళ క్రితం తొమ్మిదో రాత్రి బనేటీకి కిరసనాయిలు దొరకలేదు. మోటారు సైకిల్లోంచి పెట్రోలు తీశారు. ఉండలు ముంచారు, పిండలేదు. పక్కనే ఇంకొకడు అప్పటికే మండుతున్న బనేటీ తిప్పుతున్నాడు. ఒక ముసలాయన, 'ఒద్దు నాయనా, వాసన వేరుగా ఉంది, పెట్రోలులా ఉంది' అని రెండుసార్లు అన్నాడు. ఆయన మాటకు అధికారం లేదు, నవ్వేశారు. వెలిగించకముందే భగ్గుమన్నది. పాలిస్టరు చొక్కా కరిగి మోచేతికి అతుక్కుపోయింది. అయిదు నెలలు అతడు మిషను ముందు కూర్చోలేదు. ఇప్పటికీ కుడిచేతి రెండు వేళ్ళు పూర్తిగా ముడవలేడు. ఆ వైద్యానికి చందా వేసినవాళ్ళు ఈ సభలో చాలామంది ఉన్నారు. ఆ డబ్బుతో ఎందరు పిల్లలకు పుస్తకాలు వచ్చేవో లెక్క మీకు తెలుసు. ఇది ఎవరినీ నిందించడానికి చెప్పడం లేదు. ఆ రాత్రి అక్కడ 'బస్' అనే మనిషి ఉండి ఉంటే ఏమయ్యేదో ఆలోచించమని మాత్రమే మనవి.

ఇక ఒక్కొక్క విషయమే చూద్దాము.

మొదటిది నూనె. రేషను కిరసనాయిలు ఇప్పుడు మన ఊళ్ళలో అపురూపమైపోయింది. అందువల్లనే కుర్రవాళ్ళ చేయి పెట్రోలు మీదికి పోతున్నది. రెండూ మండేవే కదా, తేడా ఏముందని అడుగుతారు. చాలా ఉంది. మామూలుగా కిరసనాయిలు దాదాపు 38 డిగ్రీలకు పైగా వేడెక్కితే గాని అంటుకునేటంత ఆవిరి ఇవ్వదు. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీలు దిగువన ఉన్నా ఆ ఆవిరి ఇస్తుంది. అంటే పెట్రోలు డబ్బా మూత తీసిన క్షణం నుంచీ దాని చుట్టూ కంటికి కనిపించని మంట మందు పరుచుకుంటున్నదన్నమాట. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేలమీద పాకుతుంది. నాలుగడుగుల అవతల బీడీ ముక్క ఉన్నా వెనక్కి అంటుకుంటుంది. కాబట్టి పెట్రోలు, స్పిరిటు, రంగుల్లో కలిపే థిన్నరు ఏ పరిస్థితిలోనూ వాడరాదు. కిరసనాయిలు దొరకలేదా, ఆ ఏడు వట్టి కర్రసాముతో సరిపెట్టుకోవాలి. అందులో అవమానం ఏమీ లేదు.

ఇంకొక సంగతి. మన హిజ్రీ సంవత్సరం చంద్రమానం గనుక ముహర్రం ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో ఆషూరా జూలై మొదటి వారంలో వచ్చింది. 2030 నాటికి నడి మే నెలలో పడుతుంది. వానజల్లుల్లో ఆడిన ఆట ముందు ముందు రోహిణీ కార్తె దరిదాపుల్లో ఆడవలసి వస్తుంది. మే నెల ఎండకు కిరసనాయిలు కూడా తన 38 డిగ్రీలు దాటిపోతుంది. పైకప్పు తాటాకు ఎండి ఉంటుంది, వడగాలి వీస్తుంది, బావుల్లో నీరు అడుగంటుతుంది. నిన్నటిదాకా ఏమీ కాలేదు గదా అనే మాట ఆ రోజుల్లో చెల్లదు.

రెండవది బనేటీ తయారీ. ఉండలకు పాత నూలు గుడ్డ మాత్రమే వాడాలి. నైలాను, పాలిస్టరు కరిగి బొట్లుబొట్లుగా మండుతూ జారుతాయి. ఉండను తాడుతో కట్టరాదు, తాడు కాలి తెగుతుంది. ఇనుప తీగతో గట్టిగా బిగించి, పగలే నూనె లేకుండా తిప్పి చూడాలి, ఊడుతుందేమో తేలుతుంది. నూనెలో ముంచాక బాగా పిండాలి. పిండిన తర్వాత ఖాళీ జాగాలో, వెలిగించకుండానే ఒకసారి విసురుగా తిప్పితే మిగిలిన నూనె చిమ్మిపోతుంది. లేకపోతే ఆ చిమ్మేదేదో వెలిగించిన తర్వాత జనం మీదికి చిమ్ముతుంది. నూనె డబ్బాకు మూత ఉండాలి. ఆట స్థలానికి కనీసం 30 అడుగుల దూరాన, గాలి వచ్చే వైపున ఉంచాలి. దానికి ఒక మనిషి కాపలా ఉండాలి. ముంచిన చేతులు సబ్బుతో కడిగిగాని అగ్గిపెట్టె ముట్టరాదు. ఆరిపోయిన ఉండను వేడి తగ్గకముందే మళ్ళీ నూనెలో ముంచడం అతి ప్రమాదం.

ఆడేవాడు నూలు బట్టలు తొడగాలి. వేలాడే రుమాళ్ళు, పూలదండలు, పొడుగు చేతులు వద్దు. జుట్టుకు తడిగుడ్డ కట్టుకోవాలి. పదహారేళ్ళ లోపు పిల్లలకు వెలిగించిన బనేటీ ఇవ్వరాదు. వాళ్ళు ఏడాదంతా చీకటి కర్రతో నేర్చుకోనీయండి.

మూడవది నోటితో నూనె ఊది మంట చేసే తమాషా. దీనికి జాగ్రత్తలు చెప్పము. మానేయమని చెబుతాము. కిరసనాయిలు నీళ్ళకంటే చురుకుగా పాకే ద్రవం. ఊదేటప్పుడు చిన్న దగ్గు వచ్చినా, ఒక గుక్క గాలి లోపలికి పీల్చినా, అది గొంతులోంచి ఊపిరితిత్తుల్లోకి జారి పరుచుకుంటుంది. దానివల్ల తీవ్రమైన న్యుమోనియా వస్తుంది. నిప్పు ఊదేవాళ్ళ ఊపిరితిత్తుల జబ్బు అని డాక్టర్లు దీనికి ప్రత్యేకంగా పేరే పెట్టారు. పొగ లేదు, గాయం కనపడదు, పిల్లవాడు రాత్రి నవ్వుతూ ఇంటికి వస్తాడు. తెల్లవారేసరికి జ్వరం, దగ్గు, ఆయాసం. ఎవరైనా పొరపాటున మింగితే ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించకండి. వాంతిలో అదే నూనె మళ్ళీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేరుగా ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. తల్లులు ఈ మాట బాగా గుర్తుంచుకోవాలి.

నాలుగవది గుండం. నడిచినవారు కాలకపోవడం మహిమ అని కొందరు, మోసం అని కొందరు అంటారు. కారణం వంటింట్లోనే ఉంది. పొయ్యిలోంచి జారిన నిప్పుకణికను మన తల్లులు చటుక్కున రెండు వేళ్ళతో తీసి లోపల పడేస్తారు. అదే పొయ్యి మీది పెనాన్ని అలా పట్టుకుంటారా? ఇనుము వేడిని ఒక్కసారిగా చేతికి అందిస్తుంది. బొగ్గు నిదానంగా అందిస్తుంది, మీద బూడిద పొర ఉంటే మరీ నిదానం. ఎర్రగా మెరిసే నిప్పు 500 డిగ్రీలు దాటి ఉన్నా, అడుగు క్షణంలో పైకి లేస్తుంది గనుక కాలు తప్పించుకుంటుంది. ఈ లెక్క తప్పిందంటే కాలక తప్పదు.

అందుచేత మొద్దులు పూర్తిగా కాలి, మంట ఆరి, కణికలైన తర్వాతనే గుండం తెరవాలి. పరుపు పలచగా, చదునుగా ఉండాలి. లోతుగా పోస్తే పాదం కూరుకుపోయి కాలి పైభాగం కాలుతుంది. పాత తలుపులు, పెట్టెలు గుండంలో వేయకండి. వాటి మేకులూ మడతబందులూ నిప్పులో పెనంలా కాగి ఉంటాయి. పాలిథిన్ సంచులు, ప్లాస్టిక్ సీసాలు అసలే వద్దు. కరిగిన ప్లాస్టిక్ అరికాలికి అంటితే ఊడిరాదు. పరుగెత్తరాదు, ఒకరి వెనక ఒకరు తోసుకోరాదు, ఒకడు దాటాక ఇంకొకడు. పసిబిడ్డలను భుజాన ఎత్తుకుని నడవడం పూర్తిగా నిషేధించాలి. చక్కెర వ్యాధి ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది, కాలినా తెలియదు, తర్వాత పుండు మానదు. తాగి వచ్చినవారినీ, పూనకం వచ్చి ఊగేవారినీ ఇద్దరు పట్టుకుని పక్కన కూర్చోబెట్టాలి.

గుండం ముగిసిన తర్వాత సంగతి అందరూ మరచిపోతారు. మీద మట్టి కప్పి ఇళ్ళకు పోతారు. మట్టి కింద నిప్పు చావదు, దుప్పటి కప్పుకుని నిద్రపోతుంది. మర్నాడు ఆ మెత్తని బూడిదలో మేకపిల్ల దిగుతుంది, దాని వెనక ఆడుకునే పిల్లవాడు దిగుతాడు. కాబట్టి బారెడు దూరం నుంచి నీళ్ళు పోస్తూ, పారతో తిరగేస్తూ, మళ్ళీ పోస్తూ, ఆవిరి పూర్తిగా ఆగేదాకా ఆర్పాలి. ఆ తర్వాత కంప నాటి, ఒక రోజు మనిషిని కాపలా పెట్టాలి. రాత్రి పడుకునేముందు ఇంట్లో దీపాలు, నిప్పు ఆర్పమని హదీసులో చెప్పబడింది. ఇంటి దీపానికే అంత చెబితే బండెడు కట్టెల గుండానికి ఎంత చెప్పాలి!

అయిదవది జనం. 1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలీలో ఒక పాఠశాల వార్షికోత్సవంలో పందిరి అంటుకుని 400 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది పిల్లలు. పందిరికి సింథటిక్ గుడ్డ, బయటికి పోవడానికి దారి ఇరుకు. 2016 ఏప్రిల్ 10న కేరళలోని పుట్టింగల్ గుడిలో బాణసంచా నిప్పురవ్వలు నిల్వ ఉంచిన మందుగుండు మీద పడి 100 మందికి పైగా పోయారు. రెండు చోట్లా చచ్చినవాళ్ళలో ఎక్కువమంది చూడవచ్చినవాళ్ళే. కనుక షామియానా కింద నిప్పు ఆట వద్దు. పైన కరెంటు తీగలు, కాగితపు జెండాలు లేని జాగా చూడాలి. బజ్జీల బండి గ్యాసు సిలిండరూ, జనరేటరూ దూరంగా పంపాలి. ఆటగాడికి కనీసం 20 అడుగుల అవతల తాడు కట్టాలి. ఫోనులో వీడియో తీసే ఉత్సాహంలో కుర్రవాళ్ళు తాడు దాటి వస్తారు. తాడు దాటితే ఆట ఆగిపోతుందని ముందే మైకులో చెప్పాలి, చెప్పినట్టు ఆపాలి. అంబులెన్సు లోపలికి రావడానికి ఒక వైపు దారి ఖాళీగా ఉంచాలి.

ఉర్దూలో జాగ్రత్తను ఎహతియాత్ అంటాము. ఇంటి చుట్టూ ఉండే ఆవరణను అహాతా అంటాము. రెండూ ఒకే అరబీ ధాతువు నుంచి వచ్చాయి. చుట్టూ కాపు కాయడం దాని అర్థం. అంటే జాగ్రత్త అన్న మాటలోనే ఒక ప్రహరీ గోడ ఉంది. మనం కట్టమంటున్న తాడు ఆ గోడే.

ఆటస్థలం దగ్గర రెండు పీపాల నీళ్ళు, నాలుగు బకెట్ల ఇసుక, అరడజను తడి గోనెసంచులు, ఒక పౌడరు సిలిండరు ఉండాలి. నూనె మంట మీద నీళ్ళు పోయరాదు, నూనె తేలి మంట వ్యాపిస్తుంది. ఇసుకా తడి గోనె సంచీ దానికి మందు. పోలీసు అనుమతి తీసుకోవాలి, అగ్నిమాపక కేంద్రానికి ముందే కబురు చేయాలి. 101, 108 నంబర్లు బోర్డు మీద పెద్దగా రాసి పెట్టాలి.

ఒంటి బట్టలు అంటుకుంటే పరుగెత్తరాదు. పరుగు గాలిచ్చి మంట పెంచుతుంది. రెండు చేతులతో ముఖం కప్పుకుని నేలమీద పడి దొర్లాలి. పక్కవారు తడి గోనె కాని కంబళి కాని కప్పాలి. తర్వాత కాలిన చోట 20 నిమిషాలు మామూలు చల్లని నీళ్ళు ధారగా పోయాలి. గడియారం చూసి పోయండి, రెండు చెంబులతో ఆపకండి. మంచుగడ్డ వద్దు. సిరా, పసుపు, పేడ, టూత్‌పేస్టు, నెయ్యి ఏదీ పూయకండి. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీసేయాలి. అతుక్కున్న బట్ట లాగరాదు, బొబ్బలు చిదమరాదు. శుభ్రమైన గుడ్డ కప్పి ఆస్పత్రికి తీసుకుపోవాలి.

కొందరు యువకులు మాతో అన్నారు, 'మాస్టర్‌గారూ, ఇన్ని జాగ్రత్తలు తీసుకుంటే ఇక నమ్మకం ఎక్కడున్నట్టు?' అని. ఒంటెను కట్టేసి అల్లాహ్ మీద భారం వేయమన్న హదీసు మన పిల్లలందరికీ తెలుసు. ఒంటెను విప్పేసి భారం వేయడం తవక్కుల్ కాదు, సోమరితనం. పైగా కర్బలా వీరులను తలచుకునే రాత్రి అది. నీటి చుక్క కోసం అలమటించిన పిల్లలను తలచుకుని కంటతడి పెట్టే మనం, మన పిల్లలకు పక్కన రెండు పీపాల నీళ్ళు పెట్టలేమా?

చివరగా సంఘానికి మూడు ప్రార్థనలు. ఒకటి, ఏటా ముహర్రం చంద్రుడు కనిపించడానికి నెల ముందే, ఆడని మనిషి నొకరిని నిప్పు పెద్దగా ఎన్నుకోవాలి. ఆయన 'బస్' అంటే అధ్యక్షుడి కొడుకైనా ఆగాలి. చీకటిలో గుర్తుపట్టేలా ఆయన భుజాన తెల్ల రుమాలు వేయాలి. రెండు, సామగ్రికి సంఘం నిధి నుంచి కొద్ది మొత్తం కేటాయించాలి. వైద్యానికయ్యే ఖర్చులో అది పదో వంతు కూడా ఉండదు. మూడు, ఏడాదికి ఒక ఆదివారం మన కుర్రవాళ్ళకూ, పీర్ల చావిడి దగ్గర పనిచేసే హిందూ సోదరులకూ కలిపి అగ్నిమాపక సిబ్బంది చేత ఆర్పడం నేర్పించాలి. మా పాఠశాల ఆవరణ అందుకు ఇప్పించే ప్రయత్నం మేము చేస్తాము.

మూడు గంటల ఆట ముగిసి, గుండం చల్లారి, ఏ తల్లీ ఆస్పత్రి వరండాలో కూర్చోకుండా అందరూ ఇంటికి చేరిన రాత్రి గురించి ఎవరూ చెప్పుకోరు. అటువంటి, చెప్పుకోవడానికేమీ లేని రాత్రులు మన ఊరికి అల్లాహ్ ప్రసాదించుగాక, ఆమీన్.